మంచం పట్టని జబ్బు

మన భాషలో జబ్బుకి కొలమానం మంచం. 'మంచం పట్టింది', 'మంచాన పడింది', 'మంచం దిగలేకపోతోంది' అంటాం. మంచం పట్టేదాకా ఇంట్లో ఆడమనిషి జబ్బు జబ్బు కిందికి రాదు. 'ఒంట్లో నలతగా ఉంది', 'కాళ్ళు లాగేస్తున్నాయి', 'ఏదో నీరసం' అని ఆమె అంటూనే ఉంటుంది, పని చేస్తూనే ఉంటుంది. పని ఆగలేదు కాబట్టి ఆ మాటలు ఎవరికీ వినపడవు.

ఇంగ్లీషు వైద్యంలో కూడా కొలమానం మంచమే. 'క్లినిక్' అన్న మాట మంచం అనే అర్థమున్న 'క్లినే' అనే గ్రీకు మాట నుంచి పుట్టింది. వైద్యుడు మంచం పక్కన నిలబడి కంటితో చూసి, చేత్తో తాకి పోల్చుకోగలిగింది 'క్లినికల్'. అందాకా రానిది 'సబ్‌క్లినికల్'. థైరాయిడ్ గ్రంథి కొద్దిగా మందగించిన స్థితిని వైద్యులు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. మాటకి మాట తెలుగు చేస్తే అది మంచం పట్టని థైరాయిడ్ లోపం. అది పురుషుల్లో కన్నా స్త్రీలలోనే ఎక్కువ కావడం, దాని గురించిన రచనంతా 'ఇది జబ్బా, కాదా' అనే తర్కం చుట్టూనే తిరగడం గమనించాక, ఒక సాహిత్య విద్యార్థినిగా దీన్ని దాటిపోలేకపోయాను.

వైద్యశాస్త్రాన్ని సరిదిద్దే అర్హత నాకు లేదు. అయితే వైద్యం కూడా రచనే. దానికీ కథకుడుంటాడు, పాత్రలుంటాయి, చెప్పినవీ చెప్పకుండా వదిలేసినవీ ఉంటాయి. నవలలో స్త్రీ పాత్రను ఏ కంటితో చూశారని అడిగే మనం వైద్య వ్యాసాన్ని మాత్రం ప్రశ్నించకుండా నమ్మడమో, చదవకుండా పక్కన పెట్టడమో ఎందుకు చేయాలి?

ముందు విషయం. మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లు శరీరంలో దాదాపు ప్రతి కణం పని వేగాన్నీ నిర్ణయిస్తాయి. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోను ద్వారా థైరాయిడ్‌ని పనిచేయిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోను మామూలు మోతాదులోనే ఉండి, టీఎస్‌హెచ్ మాత్రం పెరిగి ఉంటే అది సబ్‌క్లినికల్ స్థితి. అంటే పని ఆగలేదు, అదే పని చేయించడానికి ఎక్కువ అదిలించాల్సి వస్తోంది. ఎంత ఒత్తిడి మీద ఆ పని నడుస్తోందో చెప్పేది ఆ ఒక్క అంకె. 2013లో వెలువడిన, హైదరాబాదుతో సహా 8 నగరాల్లో 5 వేలమందికి పైగా వయోజనుల మీద జరిపిన భారతీయ అధ్యయనంలో సుమారు 8 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది. మన కాలేజీ స్టాఫ్ రూముల్లో, సాహిత్య సభల్లో పక్కపక్కన కూర్చునే వాళ్ళలో ఎంతమంది ఉంటారో లెక్క వేసుకోవచ్చు.

ఈ జబ్బు చరిత్ర మొదలయ్యేదే స్త్రీ శరీర వర్ణనతో. 1873లో లండన్ వైద్యుడు సర్ విలియం గల్ వయసొచ్చిన స్త్రీలలో తాను చూసిన ఒక వింత స్థితి గురించి పత్రం చదివాడు. ఆనాటి వైద్యులు 'క్రెటిన్లు' అని పిలిచిన, ఎదుగుదల లేని పిల్లలతో ఆ స్త్రీలను పోల్చాడు. ముట్లుడిగాక ఒళ్ళు పెరిగిందని, ముఖం వెడల్పయిందని, నాలుక మందమైందని, చురుకైన మనసు నెమ్మదించి ఒకరకమైన నిమ్మళం, ఉదాసీనత వచ్చాయని, బుద్ధికి మాత్రం లోటు రాలేదని రాశాడు. అదే ఏడాది అదే వైద్యుడు మరో పత్రంలో తిండి మానేసి చిక్కిపోయే అమ్మాయిల గురించి కూడా చెప్పాడు. 'అనోరెక్సియా నెర్వోసా' అనే పేరు ఆయన పెట్టిందే. లావైన స్త్రీ, చిక్కిన స్త్రీ ఇద్దరూ ఒకే కలం కింద ఒకే ఏడాది వైద్య సాహిత్యంలోకి వచ్చారు. గల్ నిశితంగా చూశాడన్నది నిజం. ఆ చూపు వల్లే తర్వాతి చికిత్సకి దారి దొరికింది. కానీ ఆ స్త్రీలు తమకేమవుతోందని అనుకున్నారో ఆ వర్ణనలో దాదాపు వినపడదు. వాళ్ళు కనపడతారు, మాట్లాడరు.

1891లో న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆమె కోలుకుంది. మరో 28 ఏళ్ళు ఆ మందు మీదే బతికి, 1919లో 74 ఏళ్ళ వయసులో గుండె వైఫల్యంతో చనిపోయింది. అన్నేళ్ళలో ఆమెకి 870కి పైగా గొర్రెల గ్రంథులు అవసరమయ్యాయని మర్రే లెక్క రాశాడు. గొర్రెల సంఖ్య చరిత్రలో నమోదయింది. ఆ 28 ఏళ్ళు ఆమె ఎలా బతికిందో, మళ్ళీ దొరికిన జీవితాన్ని ఏం చేసుకుందో మనకు తెలియదు. ఆత్మకథలు, ఉత్తరాలు, డైరీలు వెతికి స్త్రీల చరిత్రను తిరిగి రాసుకుంటున్న మనకు ఈ ఖాళీ కొత్తది కాదు.

1960ల తర్వాత రక్తంలో టీఎస్‌హెచ్‌ని కొలిచే పద్ధతి వచ్చింది. దాంతో కథనం తలకిందులైంది. అంతకుముందు శరీరం ఉండేది, అంకె ఉండేది కాదు. ఇప్పుడు అంకె ఉంది, శరీరంలో చూపించడానికి ఏమీ లేదు. సబ్‌క్లినికల్ అనే వర్గం ఈ తలకిందుల్లోంచే పుట్టింది. అంకె పెరిగిన స్త్రీ ఆరోగ్యవంతురాలా, రోగా? ఇది నిర్ణయించేది నార్మల్ అనే గీత. ఆ గీత ప్రకృతి గీసింది కాదు. ఆరోగ్యంగా ఉన్నారనుకున్నవాళ్ళ రక్తం పరీక్షించి, రెండు కొసల నుంచి రెండున్నర శాతం చొప్పున కోసేసి, మధ్యలో మిగిలిన 95 శాతాన్ని నార్మల్ అన్నారు. చాలా ప్రయోగశాలల్లో పైగీత 4కీ 5కీ మధ్య ఉంటుంది. 2003 ప్రాంతంలో అమెరికాలో కొందరు నిపుణులు దాన్ని 3కో, 2.5కో దించాలని వాదించారు. మరికొందరు కాదన్నారు. దించి ఉంటే ఒక్క రాత్రిలో లక్షలమంది రోగులైపోయేవాళ్ళు. వాళ్ళ ఒంట్లో మాత్రం ఏ మార్పూ జరిగి ఉండేది కాదు. పైగా టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది, జ్వరంలాంటిది వచ్చి తగ్గాక కొన్నాళ్ళు పెరుగుతుంది. అందుకే ఒక్క పరీక్షతో తేల్చకూడదని, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలని వైద్యులే చెబుతారు. కొద్దిగా పెరిగినవాళ్ళలో చాలామందికి అది దానంతటదే తగ్గుతుంది కూడా.

మరి ఇంత అస్థిరమైన అంకె గురించి ఇంత చర్చ ఎందుకు? గుండె కోసం.

గుండె అనగానే మన భాష స్త్రీల వైపు తిరుగుతుంది. గుండె చెరువవుతుంది, గుండె బరువెక్కుతుంది, గుండె రాయి చేసుకోవాలి. మన కథల్లో స్త్రీకి గుండె ఉంటుంది, గుండెజబ్బు ఉండదు. గుండెపోటు వచ్చేది తండ్రికి, కూతురి పెళ్ళి చెడిపోయినప్పుడో, ఆస్తి పోయినప్పుడో. వైద్య సాహిత్యం కూడా చాలాకాలం ఇలాగే నడిచింది. 1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో 'యెంట్ల్ సిండ్రోమ్' అనే మాట వాడింది. అప్పుడు ఆమె అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు మొదటి మహిళా డైరెక్టర్. ఐజాక్ బాషెవిస్ సింగర్ కథలో యెంట్ల్ అనే యూదు అమ్మాయి ధర్మశాస్త్రం చదువుకోవడానికి మగవేషం వేస్తుంది. స్త్రీ కూడా తన గుండెజబ్బు అచ్చం మగవాడి జబ్బులాగే ఉందని నిరూపించుకుంటేనే మగవాడితో సమానమైన వైద్యం అందుతోందని హీలీ వాదన. ఒక వైద్యురాలు తన వాదనకు పేరు కోసం కథ దగ్గరికి రావడం సాహిత్యంలో ఉన్నవాళ్ళం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ప్రభుత్వ నిధులతో జరిగే చికిత్సా పరిశోధనల్లో స్త్రీలను చేర్చి తీరాలని అమెరికాలో 1993లో చట్టం వచ్చింది.

థైరాయిడ్‌కీ గుండెకీ ఉన్న సంబంధం కల్పితం కాదు. రక్తంలోంచి చెడు కొలెస్టరాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని, లాగేసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ గ్రాహకాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగులుతుంది. రక్తనాళాలు సరిగా వదులు కావు, రక్తపోటులో కింది అంకె పెరగవచ్చు. కొట్టుకున్న గుండె మళ్ళీ సడలడంలో ఆలస్యమవుతుంది. ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినకపోవడం కూడా తోడవుతుంది. థైరాయిడ్ బాగా దెబ్బతిన్నప్పుడు ఇవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కొద్దిగా మందగించినప్పుడు ఏ మేరకు ఉంటాయన్నదే వివాదం.

ఈ వివాదంలో ఒక అధ్యాయం నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో, మర్రే ఉన్న న్యూకాసిల్‌కి దగ్గర్లోనే, విక్‌హామ్ అనే చోట 1970లలో దాదాపు 2,800 మంది థైరాయిడ్ స్థితిని నమోదు చేశారు. 20 ఏళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళను వెతికి ఎవరికేమైందో చూశారు. 1996లో వచ్చిన విశ్లేషణ థైరాయిడ్‌కీ గుండెజబ్బుకీ సంబంధం కనిపించలేదంది. 2010లో మరో బృందం అదే సమాచారాన్ని మళ్ళీ చదివింది. మొదటి పఠనంలో టీఎస్‌హెచ్ పెరిగినవాళ్ళు, యాంటీబాడీలు మాత్రమే ఉన్నవాళ్ళు, అప్పటికే మందు వాడుతున్నవాళ్ళు అందరూ ఒకే గుంపులో ఉన్నారు. రెండో పఠనం టీఎస్‌హెచ్ పెరిగినవాళ్ళను విడదీసి చూసింది. అప్పుడు వాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువగా తేలాయి. పాఠం మారలేదు, పాఠకుడు వేసిన ప్రశ్న మారింది. 'స్త్రీలు' అని ఒకే గుంపుగా మాట్లాడినప్పుడు దళిత స్త్రీ, ముస్లిం స్త్రీ, కూలి స్త్రీ ఎలా కనుమరుగవుతారో చర్చించిన మనకి ఈ పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. గుంపులు ఎలా కడతామన్న దాన్ని బట్టి ఎవరి బాధ కనిపిస్తుందో, ఎవరిది కనిపించదో తేలుతుంది.

మిగతా సాక్ష్యం కూడా చూద్దాం. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 1,149 మంది పెద్దవయసు స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2000లో వచ్చింది. ఈ స్థితి ఉన్నవాళ్ళలో బృహద్ధమని గట్టిపడటం, గుండెపోటు ఎక్కువగా ఉన్నాయని అది చెప్పింది. 2010లో 11 అధ్యయనాల్లోని 55 వేలమందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసినప్పుడు చిత్రం ఇంకాస్త స్పష్టమైంది. టీఎస్‌హెచ్ 10 దాటి 20 లోపు ఉన్నవాళ్ళలో గుండెజబ్బు ముప్పు దాదాపు 1.9 రెట్లు ఉంది. 7 లోపు ఉన్నవాళ్ళలో పెరుగుదల కనిపించలేదు. 'స్వల్పం' అనే ఒకే మాట కింద ఇంత తేడా ఉన్న మనుషులను కలిపేశామన్నమాట. సబ్‌క్లినికల్ స్త్రీలలో ఎక్కువమంది 10 లోపే ఉంటారు. వాళ్ళను గుండెపోటు పేరుతో బెదిరించడానికి ఈ సాక్ష్యం సరిపోదు. 10 దాటినవాళ్ళతో 'ఏం లేదు' అనడానికీ ఇది ఒప్పుకోదు.

ఆ 'ఏం లేదు' గురించి కొంచెం చెప్పాలి. నాకు 34 ఏళ్ళప్పుడు టీఎస్‌హెచ్ 7 దాటిందని రిపోర్టు వచ్చింది. చూసిన మొదటి వైద్యుడు "ఏం లేదమ్మా, కాస్త బరువు తగ్గండి, టెన్షన్లు పెట్టుకోకండి" అన్నాడు. అదే వారంలో చూసిన రెండో వైద్యురాలు తల కూడా ఎత్తకుండా మాత్ర రాసి, "జీవితాంతం వాడాలి" అంది. ఇద్దరూ పరీక్ష మళ్ళీ చేయించమనలేదు. కొలెస్టరాల్ చూడలేదు, యాంటీబాడీల మాట ఎత్తలేదు. మా అమ్మ మాత్రం, "మీ అమ్మమ్మ ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేదే, అందరం నవ్వేవాళ్ళం" అంది. నాకు దొరికిన ముగ్గురు పాఠకుల్లో రోగి చరిత్ర చెప్పింది అమ్మ ఒక్కతే. థైరాయిడ్ సమస్య కుటుంబాల్లో నడుస్తుంది. అమ్మమ్మకి ఏముండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ 'తత్వం' అని నవ్వేసిన వాటిలో ఎన్ని జబ్బులు కలిసిపోయాయో అనిపించింది.

ఆ ఇద్దరు వైద్యుల మాటలూ ఎదురెదురుగా కనిపిస్తాయి కానీ రెండింటి పనీ ఒకటే. సంభాషణని ముగించడం. 'ఏం లేదు' అన్నా, 'జీవితాంతం' అన్నా ఇంక అడగడానికి ఏమీ మిగలదు.

మాత్ర సంగతి తీసుకుందాం. 2017లో యూరప్‌లో ఒక ప్రయోగ ఫలితాలు వచ్చాయి. 65 ఏళ్ళు దాటిన 737 మందిలో సగంమందికి థైరాయిడ్ మాత్ర, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత నీరసంలో గానీ మిగతా లక్షణాల్లో గానీ ఇద్దరికీ తేడా లేదు. దీన్నీ, ఇలాంటి మరికొన్ని ప్రయోగాలనూ ఆధారం చేసుకుని 2019లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక తరఫున నిపుణుల బృందం సబ్‌క్లినికల్ స్థితికి ఈ మందు వద్దని గట్టిగా సిఫారసు చేసింది. గర్భం కోరుకునే స్త్రీలను, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్ళను, తీవ్ర లక్షణాలున్నవాళ్ళను, 30 ఏళ్ళ లోపు వాళ్ళను మినహాయించింది. అనవసరంగానో ఎక్కువగానో వాడితే గుండె లయ తప్పవచ్చు, ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు పలచబడవచ్చు. కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే.

అయితే ప్రతి రచనకీ ఒక ఉద్దిష్ట పాఠకుడుంటాడని సాహిత్య సిద్ధాంతం చెబుతుంది. ప్రయోగానికీ ఒక ఉద్దిష్ట రోగి ఉంటారు. ఆ 737 మంది సగటు వయసు 74. టీఎస్‌హెచ్ 10 దాటినవాళ్ళు వాళ్ళలో చాలా తక్కువ. గుండెజబ్బు తగ్గుతుందా లేదా తేల్చేంత సంఖ్య అందులో లేదు. రెండు ఉద్యోగాలు, ఒకటి జీతానికి, ఒకటి జీతం లేకుండా, చేసే 40 ఏళ్ళ స్త్రీ ఆ ప్రయోగంలో లేదు. బ్రిటన్ వైద్యుల రికార్డులను పరిశీలించిన 2012 నాటి అధ్యయనంలో 40 నుంచి 70 ఏళ్ళ మధ్య మందు వాడినవాళ్ళలో గుండెజబ్బులు తక్కువగా, 70 దాటినవాళ్ళలో తేడా లేకుండా కనిపించింది. అది పరిశీలన, ప్రయోగం కాదు. మందు వాడినవాళ్ళు ఇంకే రకంగా భిన్నమో అది తేల్చలేదు. వృద్ధుల మీద చేసిన ప్రయోగంలోంచి మధ్యవయసు స్త్రీకి తీర్పు చెప్పడం, ఒక నవలలోని జమీందారిణిని చూసి తెలుగు స్త్రీ ఇలా ఉంటుందనడం లాంటిదే.

ఇదే స్త్రీ గర్భవతి కాగానే వైద్య రచన గొంతు ఒక్కసారిగా మారుతుంది. ప్రతి దశాంశం ముఖ్యమవుతుంది, గీతలు మారతాయి, పరీక్షలు దగ్గర దగ్గరగా జరుగుతాయి. దీనికి న్యాయమైన కారణముంది. మొదటి నెలల్లో గర్భస్థ శిశువు తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది. ఆ శ్రద్ధ వద్దని ఎవరూ అనరు. అడగాల్సింది కాన్పు తర్వాత ఆ శ్రద్ధ ఎక్కడికి పోతుందని. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు కొందరు స్త్రీలకు థైరాయిడ్ వాపు వచ్చి, ముందు చురుగ్గా, తర్వాత మందంగా పనిచేస్తుంది. ఆ నీరసాన్ని 'పసిబిడ్డ తల్లి కదా, అలాగే ఉంటుంది' అని దాటేస్తారు. గర్భసంచి ఉన్నంతసేపు అంకె, అది ఖాళీ అయ్యాక మళ్ళీ 'ఏం లేదమ్మా'.

ఇక లావు. ఈ జబ్బు గురించిన జనరంజక రచనంతా బరువు చుట్టూ తిరుగుతుంది. 'థైరాయిడ్ వల్ల లావయ్యాను' అని స్త్రీలు అంటారు. 'తిని కూర్చుని లావై థైరాయిడ్ మీద తోస్తారు' అని చుట్టాలంటారు. సబ్‌క్లినికల్ స్థితి వల్ల పెరిగే బరువు సాధారణంగా చాలా తక్కువ. మరోవైపు, బరువు పెరగడం వల్లే టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగవచ్చు, బరువు తగ్గితే అది దిగవచ్చు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఒక్క వాక్యంలో తేలదు. కానీ తప్పు ఎవరిదన్నది మాత్రం మన సమాజం ముందే తేల్చేసి ఉంటుంది. అది ఆమె నోటిది, ఆమె బద్ధకానిది. నడవమని సలహా ఇచ్చేవాళ్ళు నడిచే గంట ఎవరి పనిలోంచి తీయాలో చెప్పరు.

నీరసం దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. మాత్ర వేసినా నీరసం తగ్గలేదని ప్రయోగాలు చెప్పినప్పుడు రెండు అర్థాలు తీయవచ్చు. నీరసం నిజం కాదని ఒకటి. నీరసం నిజమే, దాని మూలం ఆ అంకెలో లేదని రెండోది. స్త్రీవాద పఠనం రెండోదాన్ని ఎంచుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 2024 నాటి కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. ఈ రెండు అంకెలూ థైరాయిడ్ రిపోర్టులో ఉండవు. టీఎస్‌హెచ్‌కి నీరసాన్ని అంటగట్టి మాత్ర ఇస్తే ఇల్లు నిర్దోషి అవుతుంది. టీఎస్‌హెచ్‌లో ఏమీ లేదని పంపించేస్తే నీరసమే అబద్ధమవుతుంది. రెండు దారుల్లోనూ వంటగది ప్రస్తావన రాదు.

మన సాహిత్యాన్ని కూడా ఈ ప్రశ్న ముందు నిలబెట్టాలి. స్త్రీవాద కవిత్వం శరీరాన్ని సిగ్గు నుంచి విడిపించింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', విమల 'వంటిల్లు' రాకముందు ఆ గదులు కవిత్వంలో లేవు. అదే కాలంలో హైదరాబాదు స్త్రీల బృందాల కృషితో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' తెలుగు స్త్రీ చేతికి తన శరీర జ్ఞానాన్ని అందించింది. అయితే నేను చదివినంతలో మన రచనలో శరీరం ఎక్కువగా సంఘటనల శరీరం. పురుడు, గర్భస్రావం, అత్యాచారం, కాన్సర్. వాటికి మొదలూ తుదీ ఉంటాయి, కథ నడుస్తుంది. ఏ సంఘటనా లేకుండా ఇరవై ఏళ్ళు మెల్లగా కదిలే జబ్బుని చెప్పే శిల్పం మనం ఇంకా వెతుక్కోలేదు. మలుపు లేని కథ, ఎవరూ మంచం పట్టని కథ, ఎలా రాయాలి? ఇది సౌందర్యశాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు. కథ లేని బాధకి వైద్యుడి ముందు కూడా మాట దొరకదు. 'ఎప్పట్నుంచి?' అని అడిగితే 'ఏమో, ఎప్పుడూ ఇంతే' అంటాం. ఆ జవాబుకి కాగితం మీద గడి ఉండదు.

ఇంకో జాగ్రత్త కూడా మన చరిత్రే నేర్పింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. స్త్రీ ఫిర్యాదుని 'పట్టించుకోవడం' అంటే ఆమె ఒంటి మీద ఏదో ఒకటి చేసేయడమే అనుకున్నప్పుడు ఏమవుతుందో ఈ రెండు రాష్ట్రాల స్త్రీలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే 'మా బాధకి మందివ్వండి' అన్న డిమాండు దగ్గర ఆగిపోకూడదు. బాధని వినమనడం వేరు, మాత్ర రాయమనడం వేరు.

ఈ పఠనం చివర మిగిలేవి కొన్ని మామూలు ప్రశ్నలే. రిపోర్టు చేతికొచ్చిన స్త్రీ తన వైద్యుణ్ణి అడగగలిగేవి. పరీక్ష రెండు మూడు నెలలాగి మళ్ళీ చేద్దామా? అంకె 10కి పైనా, కిందా? యాంటీబాడీలు ఉన్నాయా? ఉంటే ముందుముందు థైరాయిడ్ పూర్తిగా మందగించే అవకాశం ఎక్కువని విక్‌హామ్‌లోని స్త్రీలే మనకి చెప్పారు. కొలెస్టరాల్, రక్తపోటు, చక్కెర, హిమోగ్లోబిన్ ఎంత? మందు మొదలుపెడితే దేనికోసం, ఎన్నాళ్ళకి సమీక్షిస్తారు, తగ్గించాల్సి వస్తే ఎప్పుడు? మొదలుపెట్టకపోతే మళ్ళీ ఎప్పుడు చూస్తారు? 'ఏం లేదు', 'జీవితాంతం' అనే రెండు మాటల మధ్య ఇంత జాగా ఉంది. వైద్య సాహిత్యంలోనే ఉంది. మన దాకా రావడం లేదు. పత్రికల ఆరోగ్య పేజీల్లో ఈ జాగా కనిపించేలా రాయడం, అలా రాయని వాటిని విమర్శించడం మన పనుల్లో ఒకటి కావాలి.

మాత్ర వేసుకోవాల్సిన వాళ్ళకి ఒక నియమం ఉంటుంది. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. ఎవరో రాసిన అతి మామూలు సూచన అది. కానీ అందరికన్నా ముందు లేచి, పాలు కాచి, అందరికీ కాఫీలు కలిపి, టిఫిన్ డబ్బాలు సర్దే మనిషికి అది దేని గురించిన వాక్యమో చదివి చూడండి. రోజులో మొదటి అరగంట తన ఒంటి కోసం గడియారం చూసుకోమని ఆమెకి అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. ఆ అరగంటలో కాఫీ ఎవరు కలుపుతారన్నది మాత్రం మందుచీటీ మీద రాసి ఉండదు.